అపార్ట్‌మెంట్‌లో బతుకమ్మ: పువ్వుల వేట నుంచి లెక్కల కాగితం దాకా

మా అపార్ట్‌మెంట్ హన్మకొండలో. ఐదు అంతస్తులు, 40 ఫ్లాట్లు. మొదటి ఏడాది మేం చేసుకున్న బతుకమ్మ గురించి చెప్పాలంటే డీజే గురించే చెప్పాలి. పేర్చి అమ్ముతున్న బతుకమ్మను కొనుక్కొచ్చి పార్కింగ్‌లో టేబుల్ మీద పెట్టాం. ఏడింటికి పాటలు మొదలయ్యాయి. ఆడేవాళ్లు ఆడారు, చాలామంది ఫోటోలు దిగారు. తొమ్మిదిన్నరకల్లా ఎవరి తలుపులు వాళ్లు వేసుకున్నారు. మర్నాడు లిఫ్ట్‌లో పక్కన నిలబడ్డావిడ పేరేమిటో నాకు అప్పటికీ తెలియదు.

రెండో ఏడాది చందాలు తక్కువ పోగయ్యాయి. డీజే మానేసి, మధ్యాహ్నం కింద చాపలు వేసుకుని మేమే పేర్చుకున్నాం. నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటల్లో ఎవరి తల్లిగారిల్లు ఎక్కడో, ఎవరి పిల్లకు సంబంధాలు చూస్తున్నారో, ఎవరి నీళ్ల మోటార్ గొడవ ఎందుకు తేలలేదో అన్నీ బయటపడ్డాయి. అపార్ట్‌మెంట్‌లో పండుగ జరిగేది మధ్యాహ్నం, పువ్వుల ముందు కూర్చున్నప్పుడే. సాయంత్రం ఆట దాని వెనకే వస్తుంది. కింద రాసిందంతా ఆ నమ్మకంతో రాసిందే. డీజేకు పెట్టే డబ్బు పువ్వులకు పెట్టండి.

ముందు రోజు తేల్చుకోండి

బతుకమ్మ పెత్రామాస (భాద్రపద అమావాస్య) నాడు ఎంగిలి పూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమి నాడు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. 2024లో అక్టోబర్ 2న మొదలైంది, 2025లో సెప్టెంబర్ 21న. అంటే ఒక ఏడు వానల్లో, ఒక ఏడు వానలు వెనకబట్టాక వస్తుంది. పువ్వుల లెక్క కూడా దాన్నిబట్టే మారుతుంది.

అందరూ చేసే పొరపాటు సద్దుల నాడే అపార్ట్‌మెంట్ పండుగ పెట్టుకోవడం. సద్దులకు ఆడబిడ్డలు తల్లిగారిళ్లకు పోతారు, దసరా కలిసొస్తుంది కాబట్టి మిగతావాళ్లు ఊళ్లకు పోతారు. మా దగ్గర ఆ రోజు సగం ఫ్లాట్లకు తాళాలే. పైగా సద్దులు ఎప్పుడన్నదే ఒక పంచాయితీ. తిథి పెరిగినా తగ్గినా ఒక్కో పంతులు ఒక్కో తేదీ చెప్తారు. వేములవాడ వైపు నుంచి వచ్చినవాళ్లయితే మాకు ఏడో రోజే సద్దులు అంటారు. ఇవన్నీ వాట్సాప్ గ్రూపులో తేలేవి కావు.

అందుకే నా సలహా: పెద్ద పండుగ ఎంగిలి పూల నాడు గానీ, నాలుగో రోజు నానబియ్యం నాడు గానీ, ఐదో రోజు అట్ల నాడు గానీ పెట్టుకోండి. ఆదివారం కలిస్తే ఇంకా మంచిది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు, మర్చిపోయి ఫంక్షన్ పెట్టుకోకండి (ఒక ఏడు మేం కరపత్రం కూడా కొట్టించాం, మూడో అంతస్తు అమ్మమ్మ చూసి నవ్వితే గానీ తెలియలేదు). మిగతా రోజులు ఎవరింట్లో వాళ్లు చిన్న బతుకమ్మలు పేర్చుకుని సాయంత్రం కిందికి తెచ్చుకుంటే చాలు. ఊళ్లోనే ఉన్నవాళ్లు సద్దుల నాడు కలిసి చెరువుకు పోవచ్చు.

చందా, మెయింటెనెన్స్ వేరు వేరు

నెల ముందు ఒకసారి కూర్చోండి. మెయింటెనెన్స్ ఫండ్ నుంచి పండుగకు ఒక్క రూపాయి తీయకండి. అందులో అన్ని మతాలవాళ్లూ, ఈ ఏడు మైల ఉన్నవాళ్లూ, అసలు ఆసక్తి లేనివాళ్లూ కట్టిన డబ్బు ఉంటుంది. పండుగకు విడిగా, ఇష్టమున్నవాళ్ల దగ్గరే వసూలు చేయండి. ఎవరెంత ఇచ్చారో నోటీసు బోర్డు మీద రాయకండి, ఎంత వచ్చింది, ఎంత అయిందన్నదే రాయండి. ఐదు వందలు ఇచ్చిన ఇల్లు, ఐదు వేలు ఇచ్చిన ఇల్లు పక్కపక్కన కనిపిస్తే పండుగ తర్వాత కూడా ఆ అంకెలే గుర్తుంటాయి.

ఇంట్లో చావు జరిగిన ఏడాది కాబట్టి పండుగ చేసుకోనివాళ్లు ఉంటారు. వాళ్లను బలవంతపెట్టొద్దు, అలాగని చెప్పకుండా ఉండొద్దు. పోయి ఒక మాట చెప్పి రావాలి. క్రైస్తవ, ముస్లిం కుటుంబాలకు కూడా అంతే. చందా అడగకుండా ఆటకు, తినడానికి పిలవండి. పిలుపు తలుపు దగ్గరికి పోయి పిలవాలి. గ్రూపులో పెట్టిన మెసేజ్‌ను ఎవరూ పిలుపు కింద లెక్కపెట్టరు.

పువ్వులు: అసలు కష్టం ఇక్కడే

మూడడుగుల ఎత్తు, అడుగున రెండడుగుల వెడల్పు ఉన్న బతుకమ్మ ఒకటి అపార్ట్‌మెంట్‌కు సరిపోతుంది. దానికి కావలసినవి:

- తంగేడు: రెండు పెద్ద మోపులు
- గునుగు: వెయ్యి పువ్వులకు తగ్గకుండా. కింది గునుగు వరస ఒక్కదానికే వందకు పైగా పడతాయి
- బంతి: మూడు కిలోలు, పసుపూ నారింజా కలిపి
- చామంతి: కిలో
- కట్ల పూలు, సీతజడ, మందారం, గన్నేరు: దొరికినన్ని
- గుమ్మడి పువ్వు: ఒకటి చాలు, కానీ రెండు తెచ్చుకోండి, ఒకటి వాడిపోతుంది
- అడుగుకు గుమ్మడాకులు లేదా ఆముదపాకులు

బంతి, చామంతి డబ్బులిస్తే దొరుకుతాయి. తంగేడు, గునుగు అలా కాదు. తంగేడు రాష్ట్ర పుష్పమే గానీ, హన్మకొండ చుట్టుపక్కల తంగేడు చెట్లుండే బంజర్లన్నీ ఇప్పుడు ప్లాట్లు. గునుగు పత్తి చేన్లలో, మక్క చేన్లలో కలుపు మొక్క. గడ్డిమందు కొట్టిన చేనులో అది కనపడదు. పండుగ రోజుల్లో పల్లెల నుంచి ఆడవాళ్లు కట్టలు కట్టుకొచ్చి హన్మకొండ చౌరస్తాలో, కాజీపేటలో రోడ్డు పక్కన అమ్ముతారు. పొద్దున ఒక ధర, మధ్యాహ్నానికి ఇంకో ధర. వాళ్ల దగ్గర బేరం ఆడకండి. వాళ్లు తెల్లవారకముందే లేచి, తేళ్లూ పాములూ చూసుకుంటూ కోసిన పువ్వులవి.

ఇంకో దారి, మేం పట్టింది, ఊరితో సంబంధం ఉన్నవాళ్లను వెతకడం. 40 ఇళ్లలో పరకాల వైపో, నర్సంపేట వైపో అన్నదమ్ములు వ్యవసాయం చేస్తున్నవాళ్లు కనీసం పది మంది ఉంటారు. రెండు రోజుల ముందు ఫోన్ చేసి చెప్పండి. పల్లెల్లో ఇంటి బతుకమ్మకు పువ్వు తేవడం ఎక్కువగా మగవాళ్ల పనే, ఇక్కడ కూడా ఆ పని వాళ్లకే అప్పగించండి. తెల్లవారి ఐదింటికి రెండు కార్లలో నలుగురు పోతే ఎనిమిదింటికి పువ్వులతో తిరిగొస్తారు. మా ఇంటాయన మొదటిసారి పోయినప్పుడు ఇంకేదో చెట్టు పూల కొమ్మలు విరుచుకొచ్చాడు, అదీ పసుపే కదా అని. ఒకసారి పోయినవాళ్లు రెండోసారి పొరపాటు చేయరు.

తెచ్చిన తంగేడు నీళ్లు చల్లి తడి గోనె సంచి కప్పి నీడలో పెట్టండి. బకెట్లో ముంచితే పూరేకులు రాలిపోతాయి. గునుగు మాత్రం రెండు రోజులైనా ఏమీ కాదు. ఎంగిలి పూల నాడు చేస్తుంటే పువ్వులు ముందు రోజు రాత్రికే వచ్చి ఉండాలి. అలా నిద్ర చేసిన పువ్వులతో పేరుస్తారు కాబట్టే ఆ పేరని కొందరు, తిన్నాక పేరుస్తారు కాబట్టి ఎంగిలి అని కొందరు అంటారు.

గునుగుకు రంగులు

ముందు రోజు సాయంత్రం పిల్లలతో చేయించాల్సిన పని ఇది. ఇరవై, ముప్పై గునుగులు ఒకే ఎత్తులో పట్టుకుని కాడల దగ్గర దారంతో కట్టాలి. కింద కాడలు సమానంగా కత్తిరించాలి. వెడల్పాటి గిన్నెలో వేడి నీళ్లు, రంగు పొడి కలిపి పువ్వు వరకే ముంచి, దులిపి, పేపర్ల మీద ఆరబెట్టాలి. రాత్రంతా ఆరాలి. ఆరకుండా పేరిస్తే ఒక రంగు ఇంకో దానిమీదికి దిగి అంతా బురద రంగవుతుంది.

రంగులు రెండు మించకుండా చూసుకోండి. అన్ని రంగులు వేస్తే పెళ్లి షామియానాలా ఉంటుంది. రసాయన రంగులు చెరువులో కలుస్తాయన్న బాధ ఉంటే అసలు వేయకండి. తెల్ల గునుగు వరస, పైన ముద్ద బంతి వరస, మళ్లీ తెల్లది. నాకైతే అదే అందం.

పేర్చడం

మధ్యాహ్నం ఒంటిగంటకు కూర్చుంటే ఐదింటికి అవుతుంది. చోటు పార్కింగే. ఇంట్లో మాత్రం పేర్చకండి. మూడో ఏడు మేం ఎండ అని మూడో అంతస్తులో ఒకరింట్లో పేర్చాం. ఎంతో బాగా వచ్చింది. ఎత్తుకొచ్చి చూస్తే లిఫ్ట్ తలుపులో పట్టలేదు. నలుగురం మెట్ల మీద నుంచి దించుతుంటే రెండో అంతస్తు మలుపులో ఒక పక్కకు ఒరిగింది. కిందికి వచ్చేసరికి పైన పెట్టిన పసుపు గౌరమ్మ లేదు. మెట్ల మీద వెతికి తెచ్చాం.

చిన్న దానికి ఇత్తడి తాంబాళం చాలు. మూడడుగులదైతే గుండ్రటి చెక్క పీట కింద నలుగురు పట్టుకునేలా రెండు కర్రలు కట్టుకోవాలి. పీట మీద ఆకులు మూలలు బయటికి కనపడేలా పరవాలి. దానిమీద అంచు వెంట మొదటి వరస తంగేడు. గుప్పెడు గుప్పెడు కట్టలు కట్టి, పువ్వు బయటికి, కాడ లోపలికి ఉండేలా పెట్టాలి. వరస తిరిగి వచ్చాక మధ్యలో గుంత మిగులుతుంది. అందరూ పాడుచేసేది అక్కడే. ఆ గుంతను తంగేడు ఆకులు, కత్తిరించిన గునుగు కాడలు, వాడిన పువ్వులతో నింపి అరచేత్తో గట్టిగా ఒత్తాలి. వరస ఎంత ఎత్తుందో నింపుడు కూడా అంతే ఎత్తు రావాలి. తర్వాత రెండో వరస, వేలు వెడల్పు లోపలికి. మళ్లీ నింపి, మళ్లీ ఒత్తాలి.

మా వాచ్‌మన్ భార్యది జనగామ దగ్గర పల్లె. మొదట దూరంగా నిలబడి చూసింది. మేం నాలుగో వరసకు వచ్చేసరికి ఇక ఉండలేక వచ్చి బతుకమ్మ నడుం మీద చెయ్యి పెట్టి కొంచెం నొక్కింది. మొత్తం కదిలింది. "గిట్లనా పేర్చుడు అక్కా? లోపట గట్టిగ లేకుంటే ఎత్తంగనే ఒంగుతది" అని మూడు వరసలు తీయించింది. ఎవరికీ కోపం రాలేదు. కాడలు రెండు వేళ్ల పొడవున కత్తిరించి, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పరిచి, ముంజేతితో తొక్కింది. పైనుంచి నీళ్లు చిలకరించింది, తడికి ఆకులు దగ్గరపడతాయట. ఆ ఏడాది నుంచి పేర్పుకు పెద్దదిక్కు ఆమెనే. మీ దగ్గర కూడా ఇలాంటి మనిషి ఒకరు ఉంటారు. ఆమె పేరు కమిటీ లిస్టులో ఉండదు. పనిమనిషి కావచ్చు, ఎవరి అత్తగారో కావచ్చు. వెతికి పీట వేసి కూర్చోబెట్టండి.

పైకి పోయేకొద్దీ వరసలు చిన్నవవుతాయి, చామంతి, మందారం పైకి ఉంచుకోండి. శిఖరాన గుమ్మడి పువ్వు, అందులో పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ, కుంకుమ బొట్టు. పక్కన చిన్న తోడు బతుకమ్మ తప్పకుండా ఉండాలి. అది పిల్లలకు వదిలేయండి. వంకరగా వచ్చినా సరిచేయకండి.

ఒక్క మాట. గౌరమ్మను ఎవరు పెట్టాలి, మొదటి పువ్వు ఎవరు పెట్టాలి అన్నప్పుడు "ముత్తైదువలు రండి" అని పిలిచే అలవాటు చాలాచోట్ల ఉంది. మా గ్రౌండ్ ఫ్లోర్‌లో భర్త పోయిన అత్తమ్మ ఒకామె ఆ పిలుపు వినగానే చేతిలో పువ్వులు కింద పెట్టి ఇంట్లోకి పోయింది. అప్పటిదాకా గునుగు కట్టలన్నీ కట్టింది ఆమెనే. మర్నాటి ఏడు ఆ పిలుపు మానేసి, అందరికంటే పెద్దవాళ్లతో మొదటి పువ్వు పెట్టించాం. ఆమెకు 74 ఏళ్లు, ఆమె వంతే వచ్చింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని నేను టెన్షన్ పడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు.

పార్కింగ్ సిద్ధం చేయడం

కార్లు మూడింటికల్లా బయట పెట్టించాలి. ఊరికి పోయినవాళ్ల కారు మధ్యలో ఉండిపోతే కదిలించే దారి లేదు, కాబట్టి ముందు రోజే తాళాలు అడిగి తీసుకోండి. బండ్ల కింద కారిన ఆయిల్ మరకలు సర్ఫ్‌తో కడిగించండి. చెప్పుల్లేకుండా గుండ్రంగా తిరిగే చోటు అది, జారితే పెద్దవాళ్లకు తుంటి ఎముకే. కడుగుడు ముందు రోజే అయిపోవాలి, తడి నేల మీద సీరియల్ లైట్ల వైర్లు వద్దే వద్దు. వైర్లు గోడ మీదుగా పైనుంచి రావాలి. నడుమ పెద్ద ముగ్గు, దాని మీద పీట, చుట్టూ మూడు వరసలు తిరిగేంత జాగా. వాన వస్తే సెల్లార్లోకి.

ఆట, పాట

బతుకమ్మ పాటలో ఒక సౌకర్యం ఉంది. ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అనో, చందమామ అనో, కోల్ అనో అంటే చాలు. పాట మొత్తం రావాల్సింది ఒక్కరికే. కాజీపేటలో రైల్వే ఉద్యోగం మీద వచ్చిన ఒడిశా ఆమెకు తెలుగు అంతంతమాత్రం, కానీ ఉయ్యాలో మాత్రం అందరికంటే గట్టిగా ఆమెదే. కాబట్టి స్పీకర్లో రికార్డు పాట పెట్టకండి. పాట వచ్చిన ఇద్దరు, ముగ్గురిని ముందే చూసుకుని చేతికి ఒక మైకు ఇవ్వండి. గొంతు అలసిపోతే ఇంకొకరు అందుకుంటారు.

వారం ముందు నుంచి రాత్రి భోజనాలయ్యాక పావుగంట ప్రాక్టీస్ పెట్టుకోండి. అడుగు వేయడం, ఒంగడం, చప్పట్లు కొట్టడం, అంతే. నిదానంగా మొదలుపెట్టాలి, వేగం అదే వస్తుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు లోపలి వరసలో, కాలేజీ పిల్లలు బయటి వరసలో. వాళ్లకు చివర్లో అరగంట డీజే పాటలు కావాలంటే ఇవ్వండి, కొట్లాడి లాభం లేదు. కానీ రాత్రి పదింటికి ఆపాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండుగలకు ప్రభుత్వం సడలింపు ఇస్తే వేరే సంగతి. పక్క బిల్డింగ్‌లో పరీక్షకు చదివే పిల్లో, మంచం మీదున్న ముసలాయనో ఉంటారన్నది కూడా చూసుకోవాలి.

తినేవి

రోజునుబట్టి నైవేద్యం మారుతుంది. నానబియ్యం నాడైతే నానబెట్టిన బియ్యం, పాలు, బెల్లం. అట్ల నాడు అట్లు. 40 ఇళ్లకు అట్లు ఒక్కరు పోయలేరు, అంతస్తుకు రెండు పెనాలు పెట్టుకోండి. సద్దులకైతే పెరుగు, చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు, ఈ ఐదు సద్దులు ఐదు అంతస్తులకు పంచేయండి. చెప్పకుండా వదిలేస్తే అందరూ పులిహోరే తెస్తారు. పులిహోర కిలో బియ్యంతో చేస్తే దొప్పల్లో పెట్టి ఇరవై మందికి పంచొచ్చు. మలీద ముద్దలు మాత్రం చేయడం వచ్చినవాళ్లకే చెప్పండి, రొట్టె వేడి మీదే బెల్లంతో నలపాలి, చల్లారితే ముద్ద కాదు. సత్తుపిండి వారం ముందే చేసి డబ్బాలకెత్తుకోవచ్చు. ప్లాస్టిక్ ప్లేట్లు వద్దు, ఇంటికొక స్టీలు గిన్నె తెచ్చుకోమనండి.

సాగనంపడం

భద్రకాళి చెరువుకో, పద్మాక్షి గుండానికో, వడ్డేపల్లి చెరువుకో తీసుకుపోయేటట్టయితే సద్దుల నాడు రాత్రి ఎనిమిదిలోపే బయల్దేరండి. తర్వాత బండి కాదు, మనిషి కూడా కదలడు. పెద్ద బతుకమ్మను ట్రాలీ ఆటోలో ఎక్కించి, పక్కన ఇద్దరు పట్టుకుని కూర్చోవాలి. నీళ్లలోకి దిగేది ఈత వచ్చిన ఒకరిద్దరే, పిల్లలు మెట్ల దగ్గర కూడా వద్దు. వదిలే ముందు గౌరమ్మను తీసి పసుపు అందరికీ పంచాలి. దారాలు, గుండుసూదులు, మెరుపు కాగితాలు ఏరేయాలి. పీట వెనక్కి రావాలి, మాది ఒకటి భద్రకాళి చెరువులోనే ఉంది.

అపార్ట్‌మెంట్ రోజైతే పెద్ద నీళ్ల తొట్టి చాలు. సంపులో మాత్రం వదలకండి, నవ్వకండి, అడిగినవాళ్లున్నారు. తొట్టిలో వదిలాక మూడో రోజు పువ్వులు తీసి ఎండుటాకులతో కలిపి కాంపౌండ్ వాల్ మూలన గుంతలో వేస్తే ఉగాదికల్లా మొక్కలకు ఎరువు.

మర్నాడు

పొద్దున పదింటికి చీపుర్లు పట్టుకుని మళ్లీ అందరూ రావాలి. పండుగ ఆడినవాళ్లంతా మాయమై వాచ్‌మన్ కుటుంబం ఒక్కటే ఊడుస్తుంటే బాగుండదు. వాళ్లకు చీర, ధోతి, చేతిలో కొంత డబ్బు ఆ రోజే ఇవ్వండి, దసరా మామూళ్లతో కలిపేయకండి. ఎవరి తాంబాళం వాళ్లకు, ఎవరి చాప వాళ్లకు చేర్చి, లెక్క కాగితం బోర్డు మీద అంటించాలి. మిగిలిన డబ్బుతో మేం ఈసారి బంతి విత్తనాలు కొన్నాం. ఆషాఢంలో నారు పోస్తే పెత్రామాసకు పువ్వు చేతికొస్తుంది. టెర్రస్ మీద పన్నెండు కుండీలు సిద్ధంగా ఉన్నాయి, నీళ్లు పోసే వంతులు మాత్రం ఇంకా తేలలేదు.